మా ఆఫీస్ కింద కేఫ్: కాఫీకి నాలుగు స్టార్లు, మెట్టుకి సున్నా

పేరు రాయట్లేదు, ఎందుకంటే మధ్యలో కొంచెం తిట్టాను. హైదరాబాద్‌లో రాయదుర్గం వైపు పనిచేసేవాళ్ళు ఎలాగూ పట్టేస్తారు.

మొదటిరోజు నా ఘనకార్యం చెప్తా ముందు. కౌంటర్ దగ్గర నిలబడి బాబూ ఒక ఫిల్టర్ కాఫీ అని మూడుసార్లు అరిచా, అతను అటు తిరిగి డికాక్షన్ వంపుకుంటున్నాడు, ఏంటీ పొగరు అనుకునేలోపు పక్కనున్నాయన నా మోచెయ్యి తట్టి బోర్డు చూపించాడు. "మాకు వినపడదు, చెయ్యి ఊపండి" అని ఇంతింత అక్షరాలు. సిగ్గేసింది. చెయ్యి ఊపా, అతను నవ్వి బొమ్మలున్న కార్డు ముందు పెట్టాడు, కాఫీ మీద వేలు పెట్టా, చక్కెర తక్కువ అని ఎలా చెప్పాలో తెలీక చిటికెడు ఉప్పు తీసినట్టు వేళ్ళు చూపించా, కరెక్టుగా అర్థమైంది. ఇప్పుడు నన్ను చూడగానే అతనే ఆ వేళ్ళు చూపిస్తాడు.

కాఫీ 40 రూపాయలు, స్టీల్ గ్లాసులో, డికాక్షన్ చిక్కగా ఉంటుంది. మా పైఫ్లోర్ మెషిన్ కాఫీతో పోలిస్తే అమృతం. ఉల్లి సమోసా బావుంటుంది, ఉప్మా మాత్రం వద్దు, చల్లారితే గోడకి పోస్టర్లు అంటించుకోవచ్చు. జాలిపడి ఐదు స్టార్లు ఇచ్చే రివ్యూలు నాకు ఒళ్ళుమంట, అందుకే ఉప్మాకి ఒకటి కోసేశా.

బిల్లింగ్‌లో డౌన్ సిండ్రోమ్ ఉన్న అమ్మాయి కూర్చుంటుంది. చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి గానీ ఇవ్వదు, మధ్యాహ్నం రష్‌లో లైను కదలదు, నిజమే. మొన్న నా ముందున్న మేడమ్ 40 బిల్లుకి వంద ఇచ్చి, ఉంచుకోమ్మా పాపం అంది. ఆ అమ్మాయి తాపీగా అరవై లెక్కపెట్టి, "మేడమ్ మీ చేంజ్" అని చేతిలో పెట్టి నెక్స్ట్ అంది. ఆవిడ మొహం చూడాలి.

ఇలా వికలాంగులు పనిచేసే కేఫ్ కొత్తేం కాదు. మిట్టీ కేఫ్ అని అలీనా ఆలం 2017లో హుబ్బళ్ళిలో మొదలుపెట్టింది, 2023 నవంబర్‌లో సుప్రీంకోర్టులో కూడా తెరిచారు, అప్పటి చీఫ్ జస్టిస్ చంద్రచూడ్ ప్రారంభించారు. మన ఇనార్బిట్ మాల్‌లో డైలాగ్ ఇన్ ద డార్క్‌కి వెళ్ళినవాళ్ళకి తెలుసు, కటిక చీకట్లో చూపులేని గైడ్ మనకి దారి చూపిస్తాడు, అక్కడ గుడ్డివాళ్ళం మనమే.

ఇక తిట్లు. కేఫ్ గుమ్మానికి ఒకే ఒక్క మెట్టు, జానెడు ఎత్తు. లోపల పార్సిళ్ళు కట్టే కుర్రాడిది వీల్‌చైర్. రోజూ వెనకాల సామాన్ల లిఫ్ట్‌లో, ఉల్లిపాయ బస్తాల పక్కన వస్తాడు. ర్యాంప్ వెయ్యరా అంటే బిల్డింగ్ వాళ్ళు పర్మిషన్ ఇవ్వాలంటారు, బిల్డింగ్ వాళ్ళని అడిగితే కేఫ్ వాళ్ళు లెటర్ పెట్టాలంటారు. లాబీలో మొక్కలకి మార్బుల్ దిమ్మెలు కట్టడానికి మాత్రం ఏ లెటరూ అక్కర్లేకపోయింది.

ఇంకోటి, ఇది వాళ్ళ తప్పు కాదు గానీ చెప్పాలి. మా బాబాయ్ కొడుక్కి వినపడదు, తెనాల్లో ఉంటాడు, ఐటీఐ ఫిట్టర్. వైకల్యం ఉందని సదరం సర్టిఫికెట్ ఉంది, పెన్షన్ వస్తుంది, 2024 జులై నుంచి అది 6000 అయింది. ఉద్యోగంలో చేరితే అది పోతుందేమోనని పిన్ని భయం. పోనీ అప్లై చేస్తే, ఒక కంపెనీ హెచ్ఆర్ వాళ్ళు మావాడికి ఫోన్ చేసి, ఎత్తలేదని రిజెక్ట్ కొట్టారు. వినపడనోడికి ఫోన్! 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది, గవర్నమెంట్ పోస్టుల్లో 4 శాతం ఇవ్వాలంది, ప్రైవేట్‌లో మాత్రం అలాంటి కోటా ఏం లేదు, ఎవరి ఇష్టం వాళ్ళది.

కేఫ్ సూపర్‌వైజర్‌ని అడిగా, వాడికేమైనా ఉందా అని. ఈయన సైగలు నేర్చుకున్న మనిషి, జీతం కూడా ఫుడ్‌కోర్టులో మిగతావాళ్ళతో సమానమే, పీఎఫ్ కట్ అవుతుంది అన్నాడు. "వాట్సాప్‌లో వీడియో కాల్ చెయ్యమనండి అన్నా, నేనే మాట్లాడతా" అన్నాడు. మంచిదే, కానీ మావాడికి కాఫీ పెట్టడం రాదు, మోటార్ విప్పి బిగించడం వచ్చు. ఎప్పుడు చూసినా కేఫ్, కొవ్వొత్తులు, పేపర్ కవర్లేనా? మచిలీపట్నం దగ్గర పుట్టిన శ్రీకాంత్ బొల్లాకి చూపు లేదని ఇంటర్‌లో సైన్స్ ఇవ్వనంటే కోర్టుకెళ్ళి తెచ్చుకున్నాడు, ఎంఐటీలో చదివొచ్చి 2012లో హైదరాబాద్‌లో వికలాంగులకి పనిచ్చే బొల్లాంట్ అనే కంపెనీ పెట్టాడు. అంటే ఫ్యాక్టరీలో పని కూడా కుదురుతుంది కదా. మావాడి బయోడేటా అయితే సూపర్‌వైజర్‌కి పంపా, తన ఫ్రెండ్ లిఫ్ట్‌ల మెయింటెనెన్స్ చూస్తాడంట, ఇంకా కబురు రాలేదు.

వెళ్ళేవాళ్ళకి: సమోసాలు నాలుగింటికి దిగుతాయి, పావుగంటలో ఖాళీ. ఒంటిగంట నుంచి రెండు దాకా లైను ఎక్కువ, చిల్లర తీసుకెళ్ళండి లేదా ఫోన్‌పే కొట్టండి. అరవకండి, చెయ్యి ఊపండి.