పాత సీజన్ మళ్లీ ఆడాలంటే ఏది మేలు: ఒక్క జట్టా, లీగ్ మొత్తమా?

పాచికలు, ఆటగాళ్ల కార్డులు ముందు పెట్టుకుని ఎప్పుడో ముగిసిపోయిన బేస్‌బాల్ సీజన్‌ను తొలి మ్యాచ్ నుంచీ మళ్లీ ఆడే సరదా ఒకటుంది. ఇందులోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందు అడిగేది "స్ట్రాట్-ఓ-మాటిక్ కొనాలా, ఆప్‌బా కొనాలా?" అని. రెండూ ఇలా ఆడుకునే పాచికల ఆటలే. నన్నడిగితే అది రెండో ప్రశ్న. సీజన్‌లో ఎంత భాగం ఆడతారో ముందు తేల్చుకోండి. అది తేలాక ఏ పెట్టె కొనాలో పెద్దగా ఆలోచించక్కర్లేదు.

అమెరికాలో అగ్రశ్రేణి బేస్‌బాల్ అయిన మేజర్ లీగ్‌లో ఇప్పుడు 30 జట్లు, జట్టుకు 162 మ్యాచ్‌లు. మొత్తం 2,430. రోజుకొకటి ఆడినా ఆరేళ్లు దాటుతుంది. అంత ఓపిక ఉన్నవాళ్లు లేకపోలేదు, వాళ్లకో దండం. మేజర్ లీగ్ అంటే నేషనల్, అమెరికన్ అనే రెండు లీగ్‌లు. 1950ల తొలినాళ్లలో ఒక్కో లీగ్‌కు 8 జట్లే, జట్టుకు 154 మ్యాచ్‌లే. కాబట్టి ఒక లీగ్ అంటే 616. ఒక్క జట్టే అయితే 154, అంటే రోజుకొకటి చొప్పున అయిదు నెలలు.

ఇలా చూస్తే ఒక్క జట్టే నయమనిపిస్తుంది. కానీ అందులో ఒక మెలిక ఉంది. మీ జట్టు లేని మ్యాచ్‌లకు అప్పట్లో వచ్చిన ఫలితాలనే వేసుకోవాలి. 1951 నేషనల్ లీగ్‌నే తీసుకోండి. ఆగస్టు 11 నాటికి న్యూయార్క్ జెయింట్స్ బ్రూక్లిన్ డాడ్జర్స్ కంటే 13½ మ్యాచ్‌లు వెనకబడి ఉంది. ఆఖరి 44లో 37 గెలిచి డాడ్జర్స్‌ను అందుకుంది. మూడు మ్యాచ్‌ల ప్లేఆఫ్‌లో చివరిదాన్ని అక్టోబర్ 3న బాబీ థామ్సన్ హోమ్‌రన్‌తో ఎగరేసుకుపోయింది. ఇప్పుడు మీరు జెయింట్స్‌ను మాత్రమే ఆడుతున్నారనుకుందాం. డాడ్జర్స్ 154 మ్యాచ్‌లలో మీ బల్ల మీదకొచ్చేవి 22. మిగతా 132 ఎప్పుడో రాసిపెట్టినవే. మీ జెయింట్స్ జూన్‌లోనే దూసుకుపోయినా, ఆగస్టులో చతికిలబడినా డాడ్జర్స్‌కు చీమ కుట్టినట్టయినా ఉండదు. పైగా చరిత్ర తెలిసినవాళ్లకు ఎన్ని గెలిస్తే గట్టెక్కుతారో ముందే తెలుసు. పోటీ పోయి పరీక్ష మిగులుతుంది.

లీగ్ మొత్తం ఆడేవాళ్లకు ఈ బాధ లేదు. అత్యధిక సగటుకు దక్కే బ్యాటింగ్ టైటిల్ ఎవరిదో, అట్టడుగున ఎవరుంటారో అన్నీ మీ పాచికలే తేలుస్తాయి. దానికి చెల్లించే మూల్యం రాతపని. 616 స్కోర్‌షీట్లు నింపాలి, ప్రతి ఆటగాడి లెక్కా కూడుకుంటూ పోవాలి. మధ్యలో వదిలేయడమంటూ జరిగితే విసుగు పుట్టించేది పాచికలు కావు, ఈ కాగితాలే.

ఇక ఆటల సంగతి. 1951లో రిచర్డ్ సైట్జ్ పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో మొదలుపెట్టిన ఆప్‌బాలో రెండు పాచికలు. ఒకదాన్ని పదుల అంకెగా, రెండోదాన్ని ఒకట్ల అంకెగా తీసుకుని 11 నుంచి 66 దాకా చదువుతారు. ఆ అంకెకు ఎదురుగా బ్యాటర్ కార్డు మీద ఉన్న నంబర్‌ను, బేసుల మీద ఎవరున్నారో చూసి, బోర్డులో వెతుక్కోవాలి. కొన్నాళ్లకు బోర్డు కంఠతా వచ్చేస్తుంది, ఇన్నింగ్స్ చకచకా సాగిపోతాయి. సాధారణంగా 66 అంటే ఆ ఆటగాడి కార్డులో అన్నిటికన్నా మంచి ఫలితం. అది పడ్డప్పుడు వచ్చే హుషారే వేరు. లోటల్లా బంతి విసిరే పిచర్ దగ్గరే. బేసిక్ ఆటలో అతనికి ఎ, బి, సి, డి అనే గ్రేడూ పక్కన ఒకటి రెండు గుర్తులూ తప్ప పెద్దగా ఉనికి ఉండదు. గ్రేడ్ మంచిదైతే కొన్ని సింగిల్స్ (బ్యాటర్‌ను మొదటి బేస్ దాకా చేర్చే హిట్లు) అవుట్‌లుగా మారతాయి, అంతే.

హాల్ రిచ్‌మన్ 1961లో తెచ్చిన స్ట్రాట్-ఓ-మాటిక్‌లో పాచికలు మూడు. ఒకదాని మీద 1 నుంచి 3 పడితే బ్యాటర్ కార్డు, 4 నుంచి 6 పడితే పిచర్ కార్డు చూడాలి. మిగతా రెండింటి మొత్తాన్ని బట్టి వరస. అంటే సగం ఆట పిచర్ చేతిలోనే. 1968లో పిచర్ బాబ్ గిబ్సన్ ఈఆర్‌ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు అతని ఖాతాలో పడ్డ పరుగుల సగటు, 1.12 మాత్రమే. ఆ ఏడాది పిచర్ల జోరు చూసి మరుసటేడే పిచర్ నిలబడి విసిరే దిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు. అలాంటి సీజన్ ఆడాలంటే ఈ ఆటే. అడ్వాన్స్‌డ్ రూల్స్‌లో ఎడమ, కుడి చేతివాటాలకు వేర్వేరు ఫలితాలుంటాయి కాబట్టి ఎప్పుడు ఎవర్ని దించాలన్న మేనేజర్ తలనొప్పి కూడా నిజంగానే ఉంటుంది. బేసిక్ రూల్స్‌తో ఇదీ వేగంగానే నడుస్తుందంటారు దీని అభిమానులు. నడుస్తుంది, కానీ చేతివాటాల లెక్క తీసేస్తే సగం రుచి పోయినట్టే.

అందుకే లీగ్ మొత్తానికి ఆప్‌బా, ఒకటి రెండు జట్లకు స్ట్రాట్ అంటాను.

ఏది ఆడినా ఒక జాగ్రత్త. అసలు సీజన్‌లో ఇరవైసార్లు బ్యాట్ పట్టి ఎనిమిది హిట్లు కొట్టిన కుర్రాడి కార్డు మీద .400 సగటు మెరుస్తూ ఉంటుంది. అతన్ని రోజూ ఆడించారా, సీజన్ కాస్తా ప్రహసనం. అసలు సీజన్‌లో ఎన్నిసార్లు బ్యాట్ పట్టాడో, ఆ లెక్కను పది శాతానికి మించి దాటకుండా కట్టడి పెట్టుకోండి. లేదంటే రెట్రోషీట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే నాటి బాక్స్ స్కోర్లు (మ్యాచ్‌లో ఎవరు ఆడారో, ఏం చేశారో చెప్పే పట్టికలు) చూసి అవే లైనప్‌లు దించండి. ఒక్క జట్టు ఆడేవాళ్లకే ఈ కక్కుర్తి ఎక్కువ, ఎందుకంటే పక్షపాతమంతా ఒకవైపే.

1994 సంగతి వేరు. ఆటగాళ్ల సమ్మె వల్ల ఆగస్టు 11తోనే సీజన్ ఆగిపోయింది. 74 గెలుపులు, 40 ఓటములతో అందరికన్నా ముందున్న మాంట్రియల్ ఎక్స్‌పోస్ జట్టు, .394 బ్యాటింగ్ సగటు దగ్గర నిలిచిపోయిన బ్యాటర్ టోనీ గ్విన్ ఏమయ్యేవారో తెలియాలంటే ఒక్క జట్టుతో కుదరదు. అరువు తెచ్చుకోవడానికి ఆ తర్వాతి ఫలితాలే లేవు. అక్కడ నేషనల్ లీగ్ మొత్తం ఆడాల్సిందే, కాకపోతే ఆగిన చోటు నుంచే అందుకోవచ్చు.

ఈ రెండింటికీ మధ్య నాకు నచ్చే దారి ఒకటుంది. టైటిల్ కోసం కొట్టుకున్న రెండు జట్లనీ ఆడటం. 1951లో జెయింట్స్, డాడ్జర్స్ రెండింటి మ్యాచ్‌లూ కలిపితే, తమలో తాము ఆడిన 22 ఒకేసారి లెక్కేసి, 286. రోజుకొకటైతే తొమ్మిదిన్నర నెలలు. పరుగు పందెంలో ఇద్దరూ మీ చేతిలోనే, మిగతా ఆరు జట్ల గోల చరిత్రకే వదిలేయొచ్చు. చివరికి సమానంగా నిలిస్తే ప్లేఆఫ్ కోసం ఇంకో మూడు స్కోర్‌షీట్లు పక్కన పెట్టుకోండి.