గూగుల్ వన్ 100 జీబీ: కొన్నేళ్లు వాడాక చెబుతున్న మాట

2021 జూన్ 1 దాకా గూగుల్ ఫోటోస్‌లో సైజు కొంచెం తగ్గించుకుంటే చాలు, ఎన్ని ఫోటోలు ఎక్కించినా లెక్క ఉండేది కాదు. ఆ రోజు నుంచి కొత్తగా ఎక్కించే ప్రతి ఫోటో, గూగుల్ ఒక్కో ఖాతాకు ఇచ్చే 15 జీబీ ఉచిత కోటాలోకి లెక్కకొచ్చింది. జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడూ అందులోనే సర్దుకోవాలి. 2024లో ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా అక్కడికే వచ్చి చేరింది. కోటా నిండితే ఫోటోలు ఎక్కకపోవడం ఒక్కటే కాదు, మెయిల్స్ రావడం కూడా ఆగిపోతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్లు, స్కూలు మెయిల్స్ అన్నీ ఒకే ఐడీకి వచ్చే ఇంట్లో అది మామూలు టెన్షన్ కాదు. అందుకే డబ్బు కడితే ఈ కోటా పెంచే గూగుల్ వన్‌లో 100 జీబీ ప్లాన్ తీసుకున్నాం. నెలకు 130 రూపాయలు, ఏడాదికి ఒకేసారి కడితే 1,300.

జీబీకి ఎంత పడుతోందని చూస్తే ఇదేమీ చవక కాదు. 2 టీబీ ప్లాన్ ఏడాదికి 6,500. అంటే ఐదింతల డబ్బుకు ఇరవై ఇంతల చోటు. యూట్యూబ్‌లో చాలామంది ఈ లెక్కే చూపించి పెద్ద ప్లాన్ కొనమంటారు. ముగ్గురున్న ఇంటికి కల్యాణ మండపం అద్దెకు తీసుకున్నట్టుంటుంది అది. మా ఆయనది, నాది, ఊళ్లో ఉన్న అమ్మది కలిపినా ఇంతవరకు వంద దాటలేదు.

దాటకపోవడానికి కారణం సెట్టింగులే. చోటు తినేది ఫోటోలు కాదు, వీడియోలు. ఫోన్‌లో బాగా స్పష్టంగా వచ్చే 4కే వీడియో తీస్తే నిమిషానికే వందల ఎంబీలు పోతాయి. ఫోటోస్‌లో 'స్టోరేజ్ సేవర్' పెడితే ఫోటో 16 మెగాపిక్సెల్‌కు, వీడియో 1080పీకి తగ్గుతాయి. ఫోన్ తెరమీద నాకైతే తేడా తెలియలేదు. వాట్సాప్ బ్యాకప్‌లో వీడియోలు చేర్చే ఆప్షన్ ఆపేశాను. వాట్సాప్ ఇమేజెస్ ఫోల్డర్‌కు ఫోటోస్ బ్యాకప్ కూడా ఆపేశాను. గుడ్ మార్నింగ్ గులాబీలకు డబ్బు కట్టి చోటు కొనాలా మరి?

ప్లాన్‌ను మరో ఐదుగురితో పంచుకోవచ్చు. అమ్మను చేర్చినప్పుడు, "నా ఫోటోలన్నీ అల్లుడుగారికి కనపడతాయేమిటే?" అని అడిగింది. కనపడవు. పంచుకునేది చోటును మాత్రమే, ఎవరి ఫోటోలు వాళ్లవే. అమ్మ ఫోన్‌కు రోజుకు 1.5 జీబీ డేటానే కాబట్టి వైఫై ఉన్నప్పుడే ఎక్కేలా పెట్టాం. మా ఇంటికి వచ్చినప్పుడు అన్నీ ఎక్కేస్తాయి.

కొత్తగా వాడేవాళ్లకు అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది రెండు బటన్ల సంగతి. 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కితే బ్యాకప్ అయిన ఫోటోలు ఫోన్‌లో మాత్రమే పోతాయి, క్లౌడ్‌లో, అంటే గూగుల్ దగ్గర, ఉంటాయి. మామూలు 'డిలీట్' నొక్కితే రెండుచోట్లా పోతాయి. చెత్తబుట్టలో 60 రోజులు ఉంటాయి, ఆ తర్వాత తిరిగి రావు. ఫోన్ నిండిందని హడావుడిగా డిలీట్ కొట్టేవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి.

కంప్యూటర్ విషయానికొస్తే, విండోస్ ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ యాప్ వేసుకుంటే జీ డ్రైవ్ అని కొత్త డ్రైవ్ ఒకటి కనిపిస్తుంది. నాది 256 జీబీ ల్యాప్‌టాప్ కాబట్టి 'స్ట్రీమ్' పద్ధతి ఎంచుకున్నా. ఫైలు క్లౌడ్‌లోనే ఉంటుంది, తెరిస్తేనే దిగుతుంది. నెట్ లేకపోతే తెరుచుకోదు. అందుకే ఆధార్, పాలసీ పేపర్ల ఫోల్డర్‌ను మాత్రం ఆఫ్‌లైన్‌లో ఉంచాను.

ఉచిత ఆఫర్ల మాటేమిటంటారా? జియో 100 జీబీ క్లౌడ్ ఉచితమని 2024లో ప్రకటించింది. ఎయిర్‌టెల్ 2025లో పోస్ట్‌పెయిడ్, వైఫై కస్టమర్లకు ఇదే గూగుల్ వన్‌ను ఆరు నెలలు ఉచితంగా ఇచ్చింది. వాడుకోవచ్చు, తప్పేం లేదు. కానీ గడువు అయ్యాక డబ్బు కట్టాలి, లేదా నింపిందంతా దించుకోవాలి. ఆ దించుకోవడమే పెద్ద పని. గూగుల్‌లో మన డేటా మొత్తం దించుకునే 'టేకౌట్' పెడితే అన్నీ కట్టకట్టిన జిప్ ఫైళ్లు వస్తాయి, ఫోటోల తేదీల్లాంటి వివరాలేమో విడిగా జేసన్ అనే చిన్న ఫైళ్లలో ఉంటాయి. వాటిని మళ్లీ ఫోటోలకు అతికించుకోవాలంటే ఓ ఆదివారం దానికే పోతుంది. అందుకే పిల్లల చిన్నప్పటి ఫోటోలు, పెళ్లి వీడియోలు హార్డ్ డిస్క్‌లోనూ ఒక కాపీ ఉంచాం.

ఐఫోన్ వాళ్లకు నా సలహా వేరు. ఐక్లౌడ్ 50 జీబీ నెలకు 75కే వస్తుంది, ఫోన్‌తో గొడవ లేకుండా కలిసిపోతుంది. వాళ్లు ఇటు రానక్కర్లేదు.

మా అమ్మాయికి ఫోన్ కొన్నాక 200 జీబీకి మారక తప్పదేమో. అది ఏడాదికి 2,100. అదీ నిండితే 2 టీబీకి వెళ్లాల్సి వస్తుందేమో. అప్పుడు మాత్రం మైక్రోసాఫ్ట్ 365 ఫ్యామిలీ కూడా చూస్తాను. ఆరుగురికి తలా ఒక టీబీ, వర్డ్, ఎక్సెల్ కలిపి వస్తాయి. ధర ఎక్కువే, కానీ మా ఆయనకు ఎక్సెల్ లేనిదే రోజు గడవదు.