నైరోబీ నేషనల్ మ్యూజియం: గంటలో చుట్టేసే చోటు కాదు

కెన్యాలో మసాయి మారా సఫారీకి వెళ్తూ మధ్యలో ఓ గంట దొరికిందని ఈ మ్యూజియానికి వస్తే, చచ్చిన జంతువులకు గడ్డి కూరి పెట్టిన బొమ్మలు తప్ప ఏమీ చూడలేదనే అనిపిస్తుంది. ముందు తగిలేవి జంతువుల, పక్షుల హాళ్లే. వాటిని చివరికి వదిలేసి, ఉదయం 8.30కి తెరవగానే నేరుగా మానవ పుట్టుక గ్యాలరీకి నడవండి. పది దాటితే బడిపిల్లల బస్సులు దిగుతాయి. ఇరుకు గదిలో నిలబడే వీలుండదు.

ఇక్కడి మహారాజు ‘తుర్కానా బాలుడు’. 1984లో తుర్కానా సరస్సు పడమటి ఒడ్డున నరియోకోటోమె దగ్గర శిలాజాలు వెతికే కమోయా కిమేయు కంటపడ్డ చిన్న పుర్రె ముక్కతో మొదలై, ఓ ఆదిమానవ బాలుడి దాదాపు పూర్తి అస్థిపంజరం బయటపడింది. వయసు సుమారు 15 లక్షల ఏళ్లు. కింది దవడను పరీక్షగా చూడండి: పాలపన్ను ఊడిన చోట చీము పట్టిందని పరిశోధకులు తేల్చారు.

మేడమీద పుట్టుక నుంచి చావు దాకా ఆచారాల గ్యాలరీ ఉంది. తొందరలో అందరూ వదిలేసేది ఇదే, అసలు కెన్యా ఉన్నదీ ఇక్కడే. కెన్యా తీరంలోని మిజికెండా ప్రజలు చనిపోయిన పెద్దల పేర నిలిపే కొయ్య స్తంభాలు, విగాంగో, దొంగల చేతులు మారి అమెరికా మ్యూజియంల దాకా పోయాయి. అక్కడి డెన్వర్ మ్యూజియం నుంచి కొన్ని 2019లో వెనక్కొచ్చాయి. ఆ సంగతి తెలిసి చూస్తే ప్రతి వస్తువూ వేరేగా కనిపిస్తుంది. చిత్రకారిణి జాయ్ ఆడమ్సన్ గీసిన కెన్యా తెగల చిత్రాలూ మ్యూజియంలో ఉన్నాయి, వాటిలో నగలు, తలకట్టు అంత వివరంగా ఫొటోల్లోనూ దొరకవు.

స్నేక్ పార్క్‌తో కలిపి టికెట్ అంటగడతారు. పిల్లలుంటే సరే, లేకపోతే దండగ. భారత పాస్‌పోర్టుకు విదేశీయుల ధరే పడుతుంది. నగదు చెల్లదనుకునే వెళ్లండి. ఎం-పెసా (అక్కడ ఫోన్‌తో డబ్బు చెల్లించే పద్ధతి) లేనివాళ్లు కార్డు దగ్గర ఉంచుకోవాలి. గైడును మాట్లాడుకునేటప్పుడు మానవ పుట్టుక, ఆచారాల గ్యాలరీలు రెండూ చూపాలని ముందే చెప్పండి, లేదంటే ఏనుగు దగ్గరే గంట గడిపేస్తారు.

బసకు వెస్ట్‌లాండ్స్, పార్క్‌లాండ్స్ దగ్గర. పార్క్‌లాండ్స్‌లో గుజరాతీ కుటుంబాలు ఎప్పటినుంచో ఉండటంతో శాకాహారానికి లోటు లేదు. నగర మధ్యలో గదులు చవకే కానీ చీకటి పడ్డాక నడక వద్దు. విమానాశ్రయం నుంచి ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే మ్యూజియం హిల్ దగ్గరే దిగొచ్చు, టోల్ మీరే కట్టుకోవాలి. అది దండగని కింది రోడ్డు పడితే సాయంత్రం ట్రాఫిక్‌లో గంట పైమాటే.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌కు పంపే వీలుంది.