ఆరేళ్ళుగా బ్రిక్స్‌తో కొండలు కడుతున్నాను

నేను ఇళ్ళూ కార్లూ కట్టను. లెగో కొలతల బ్రిక్స్‌తో (ఒకదాని మీద ఒకటి బిగించే ప్లాస్టిక్ బొమ్మ ఇటుకలు) కొండలు, లోయలు, ఏటిగట్లు మాత్రమే కడతాను. ఆరేళ్ళయింది. వీటితో నిజమైన నేల రూపం వస్తుందా అని ఎవరైనా అడిగితే నేను ఎదురడిగేది ఒక్కటే: మీరు కట్టాలనుకున్నది ఏ రాయి?

గండికోట దగ్గర పెన్నా లోయ గోడలు గుర్తు తెచ్చుకోండి. ఎర్రటి క్వార్ట్‌జైట్ రాయి, పలక మీద పలక పేర్చినట్టే ఉంటుంది. బ్రిక్స్‌లో పల్చటి ముక్కని ప్లేట్ అంటాం. ఎత్తు 3.2 మిల్లీమీటర్లు, మూడు కలిస్తే ఒక బ్రిక్. ముక్క మీదుండే గుండ్రటి బుడిపెని స్టడ్ అంటాం. ఒక వరస స్టడ్డంత ముందుకి, పై వరస కాస్త వెనక్కి జరుపుతూ పోతే ఆ పొరలు వాటంతట అవే వచ్చేస్తాయి. ఒక్కో పక్క 32 స్టడ్లుండే బేస్‌ప్లేట్లు (అడుగున పరిచే పలకలు) నాలుగు పట్టాయి, అంటే సుమారు అర మీటరు చదరం. నేను పేరు చెప్పకముందే మా నాన్న చూసి "ఇది గండికోటే కదరా" అన్నారు.

ఆ ధైర్యంతో హైదరాబాద్ గుండ్రాళ్ళు మొదలుపెట్టాను. నాలుగు నెలలు పట్టింది. దాదాపు 250 కోట్ల ఏళ్ళ గ్రానైట్, మూలలన్నీ అరిగిపోయిన రాయి. కింద నుంచి పైకి పేర్చుకుంటూ పోతే ఎటు చూసినా మెట్లే. వాలు ముక్కలతో కప్పినా అంచులు పోలేదు. చివరికి దారి చూపింది పక్కకి తిప్పి కట్టడం. పక్కల మీద స్టడ్లున్న బ్రిక్స్‌తో లోపల గట్టి దిమ్మె కట్టి, ఆరు వైపులా ప్లేట్లు బయటికి పేర్చాలి. ఐదు ప్లేట్ల ఎత్తు సరిగ్గా రెండు స్టడ్ల వెడల్పు, 16 మిల్లీమీటర్లు. ఈ లెక్క పట్టుబడ్డాకే సందులు మూసుకున్నాయి. దగ్గరగా చూస్తే ఇప్పటికీ అతుకులు తెలుస్తాయి. రెండడుగుల దూరం నుంచి మాత్రం రాయే.

రంగు ఒక్కటే వాడకండి. బూడిద రంగులు రెండు, కాస్త ముదురు టాన్ (ఇసుక రంగు), పైనుంచి కిందికి నల్లటి చారలు. వాననీళ్ళు జారిన చోట నిజం రాళ్ళ మీద ఆ చారలుంటాయి, అవి పెట్టగానే ప్రాణం వచ్చింది. నీళ్ళకి పైన పారదర్శకమైన టైల్స్ (స్టడ్లు లేని నున్నటి ముక్కలు), కింద ఒడ్డున టాన్, మధ్యలో ముదురు పచ్చ.

ఖర్చు ఎక్కువే. కొండ లోపలంతా డూప్లో బ్రిక్స్‌తో (చిన్న పిల్లల కోసం చేసే పెద్ద సైజు లెగో) నింపండి, మామూలు బ్రిక్స్ వాటి మీద కూర్చుంటాయి. గంపగుత్తగా కొన్న పాత ముక్కల్లో గోధుమ రంగువి చాలా విరిగిపోయాయి. కిటికీ దగ్గర పెట్టిన లేత బూడిద ముక్కలు ఎండకి పసుపెక్కాయి. దుమ్ముకి మెత్తటి పెయింట్ బ్రష్ చాలు. కడగాల్సివస్తే నీళ్ళ వేడి 40 డిగ్రీలు దాటనివ్వకండి.

పొరల రాయికి ఐదుకి ఐదు ఇస్తాను, గుండ్రాళ్ళకి మూడు. అయినా రెండో గుట్ట మొదలుపెట్టాను. రాళ్ళ సందులోంచి సీతాఫలం చెట్టు ఒకటి రావాలి, దానికి సరిపడే ఆకు ముక్క ఇంకా దొరకలేదు.