ఆకలా, అవమానమా, పక్కవాడా: మనిషిని గడప దాటించేది ఏది?

నిరంకుశ పాలన మీద జనం ఎందుకు తిరగబడతారని అడిగితే మనలో చాలామంది ఠక్కున చెప్పే జవాబు ఒకటే: కడుపు మండితే. ఈ జవాబు మీద నాకు అంత నమ్మకం లేదు. కడుపు మండిన ప్రతివాడూ వీధికెక్కేటట్లయితే ఏ నియంతా రెండు పంటల కాలం గద్దె మీద నిలిచేవాడు కాదు. ఆకలి, అవమానం, పక్కవాడి మీద భరోసా. ఈ మూడింటినీ తూచడానికి నాకు తెలిసిన మంచి త్రాసు 1980 ఆగస్టులో పోలండ్ ఓడరేవు నగరం గ్దాన్‌స్క్‌లో దొరుకుతుంది.

ముందు ఆకలి. ఆ ఏడాది జూలైలో కమ్యూనిస్టు ప్రభుత్వం మాంసం ధరలు పెంచింది. అక్కడక్కడా సమ్మెలు జరిగాయి. యాజమాన్యాలు జీతం కాస్త పెంచగానే చాలాచోట్ల మళ్లీ యంత్రాలు తిరిగాయి. ఆకలితో వచ్చిన చిక్కు ఇదే, దానికి బేరం కుదురుతుంది. 1970 డిసెంబరులో, క్రిస్మస్ పండుగ ముంగిట ధరలు పెంచినప్పుడు ఇదే తీరంలో కార్మికులు వీధుల్లోకి వచ్చారు. కాల్పుల్లో నలభై మందికి పైగా చనిపోయారు. పార్టీ పెద్దను మార్చారు, కొన్ని వారాలకు ధరలు దించారు. పాలన మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఇక అవమానం. గ్దాన్‌స్క్‌లో ఓడలు కట్టే లెనిన్ కర్మాగారంలో అన్నా వలెంతినోవిచ్ అనే ఆమె క్రేన్ నడిపేది. సర్కారు చెప్పుచేతల్లో లేని కార్మిక సంఘం కోసం పనిచేస్తోందని, పదవీ విరమణకు ఐదు నెలలే ఉందనగా, 1980 ఆగస్టు 7న ఆమెను ఉద్యోగం నుంచి తీసేశారు. వారం తిరిగేసరికి, 14న తెల్లవారుజామున సమ్మె మొదలైంది. అన్నాను వెనక్కి తీసుకోవాలన్నది తొలి కోరిక. జీతం పెంపుతో పాటు, 1970లో చనిపోయినవారికి స్మారకం కట్టాలని కూడా అడిగారు. చనిపోయినవారి పేరిట రాయి నిలబెడితే ఎవరి ఇంట్లోనూ పొయ్యి మీదికి అదనంగా ఏమీ రాదు. అయినా అడిగారు. పదేళ్లపాటు ఆ చావుల గురించి పైకి మాట్లాడనివ్వకపోవడం వాళ్లను లోపల తొలుస్తూనే ఉంది.

ఈ లెక్క తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నిజాం రాజ్యంలో, నాటి నల్గొండ జిల్లాలో వెట్టి తరతరాలుగా సాగింది. దొర ఎదురుపడితే 'నీ బాంచన్, కాల్మొక్త' అనాల్సిందే. ఆకలీ అవమానమూ రెండూ నిండుగా ఉన్నాయి, కానీ పాలకుర్తి చాకలి ఐలమ్మ పంట ఇంటికి చేరడానికి అవి చాలలేదు. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు పంట ఎత్తుకుపోవడానికి వచ్చినప్పుడు, గుత్పలు, అంటే దుడ్డుకర్రలు, పట్టుకున్న ఆంధ్ర మహాసభ సంఘం కార్యకర్తలు పొలంలో నిలబడ్డారు. వాళ్లే కోసి, ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. ఐలమ్మ తెగువను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ తెగువకు ఆ గుత్పలు తోడయ్యాయని అంటున్నాను.

మళ్లీ గ్దాన్‌స్క్. ఆగస్టు 16న యాజమాన్యం జీతంలో 1,500 జ్లోటీల (పోలండ్ డబ్బు) పెంపునకు ఒప్పుకుంది. అన్నాను పనిలోకి తీసుకుంటామంది. ఆకలికీ అవమానానికీ జవాబు దొరికినట్టే కదా. సమ్మె ముగిసిందని ప్రకటించారు, జనం గేటు వైపు నడిచారు. అప్పటికే చుట్టుపక్కల చిన్న సంస్థలు వీళ్లను చూసి సమ్మెకు దిగాయి. మీరు వెళ్లిపోతే మా గతేమిటి, బస్సులు యుద్ధ ట్యాంకులకు ఎదురు నిలుస్తాయా అని నిలదీసింది ట్రామ్ డ్రైవర్ హెన్రికా క్షివోనోస్. కర్మాగారం నర్సు అలీనా పియెంకోవ్‌స్కా, అన్నా కలిసి గేట్ల దగ్గర అడ్డుపడి, ఉండండి, ఉండండి అని బతిమాలారు. చాలామంది ఆగలేదు. ఆ రాత్రి లోపల మిగిలింది కొద్దిమందే. ఇతర సంస్థల ప్రతినిధులతో కలిసి వాళ్లు రాసిన 21 కోరికలను ప్లైవుడ్ పలకల మీదికెక్కించి గేటుకు వేలాడదీశారు. మొదటిది స్వతంత్ర కార్మిక సంఘాలు. మాంసం కూపన్ల ఊసు పది దాటాక గానీ రాదు. నెలాఖరుకు ప్రభుత్వం సంతకం పెట్టింది. అలా పుట్టిన 'సాలిడారిటీ' సంఘంలో ఏడాది తిరిగేసరికి సుమారు కోటి మంది చేరారు.

కాబట్టి నా మొగ్గు మూడోదాని వైపు. ఆకలి త్వరగా అంటుకుంటుంది, త్వరగా చల్లారుతుంది. అవమానం ఏళ్ల తరబడి నిప్పు దాచుకోగలదు, కానీ ఒంటరిగా ఉన్నంతకాలం అది మనిషిని నిద్రపట్టనివ్వదు, అంతే. పక్కవాడు కూడా వస్తాడన్న నమ్మకం కుదిరితేనే కాలు గడప దాటుతుంది. అయితే ఈ మూడోది మహా సున్నితం. పక్కింటి తలుపు తెరుచుకోకపోతే మన తలుపూ తెరుచుకోదు.

ఈ సంగతి మనకన్నా పాలకులకే బాగా తెలుసు. 1981 డిసెంబరు 13న పోలండ్‌లో సైనిక శాసనం విధించినప్పుడు వేల మందిని నిర్బంధించారు, ఫోన్లు కోసేశారు, ఊరు దాటాలంటే అనుమతి ఉండాలన్నారు. జనాన్ని ముందు విడివిడిగా చేసి, ఆ తర్వాతే, 1982 ఫిబ్రవరిలో ఆహార ధరలు విపరీతంగా పెంచారు. 1980లో రేగిన దానికన్నా ఆకలి ఎక్కువే, అయినా అంతటి సమ్మె రాలేదు. ఫోన్లను కూడా తిరిగి ఇచ్చారు. రిసీవరు ఎత్తి స్నేహితుడి నంబరు తిప్పితే, అతడి గొంతు కన్నా ముందు ఒక రికార్డు పలికేది: 'సంభాషణ నిఘాలో ఉంది.'