యూపీవీసీ కిటికీ హ్యాండిల్స్ కొనేవాళ్ళు జాగ్రత్త, పాత హ్యాండిల్ షాపులో వదిలి రావద్దు

ఇప్పుడే షాపు నుంచి వచ్చాను. ఇంకా కోపం తగ్గలేదు. తగ్గాక రాస్తే సగం మర్చిపోతానని ఇప్పుడే రాసేస్తున్నాను.

వన్‌టౌన్ వైపు కిటికీల సామాను అమ్మే ఆ షాపు విజయవాడలో ఇల్లు కట్టుకున్న చాలామందికి తెలిసే ఉంటుంది. యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్ కిటికీల సామాను కావాలంటే అక్కడికే వెళ్ళమని నాకూ ముగ్గురు నలుగురు చెప్పారు. పేరు రాయను. ఈ వారంలో ఎవరైనా హ్యాండిల్స్ కోసం బయలుదేరుతుంటే మాత్రం ఒక్క ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి.

మాది సింగ్‌నగర్, గ్రౌండ్ ఫ్లోర్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు కిటికీల సగం దాకా నీళ్ళు నిలబడ్డాయి. తర్వాత గోడలకు రంగులు వేయించాం, తలుపులు మార్పించాం. కిటికీలు మాత్రం ప్లాస్టిక్కే కదా, ఏం కాదని కడిగి వదిలేశాం. ప్లాస్టిక్‌కి నిజంగానే ఏం కాలేదు. కానీ రెక్క లోపల, హ్యాండిల్ తిప్పితే కదిలి కిటికీని లాక్ చేసే ఇనప గేరు, లాకింగ్ రాడ్డు ఉంటాయని, వాటిలోకి బురద పోయి ఉంటుందని మాకు తట్టలేదు. అప్పటి నుంచి హ్యాండిల్స్ ఒక్కొక్కటే బిగుసుకుంటూ వచ్చాయి. పోయిన వారం మామయ్యగారి గదిలో హ్యాండిల్ మెడ దగ్గర విరిగిపోయింది. కిటికీలు బిగించినవాళ్ళ నంబరు ఇప్పుడు పనిచేయడం లేదు. మా వారు ఊళ్ళో లేరు. సరే, నేనే వెళ్ళాను.

విరిగినది చూపిస్తే సైజు తెలియదేమో అనుకుని, హాల్లో బాగా పనిచేస్తున్న కిటికీ హ్యాండిల్ ఊడదీసి పట్టుకెళ్ళాను. దాని వెనక మార్కర్‌తో 'హాలు' అని రాశాను కూడా. ఆ పని ఎందుకు చేశానా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటున్నాను. పైపిడి విరిగినా కింద ప్లేటు, దాని వెనక చతురస్రపు కడ్డీ అలాగే ఉన్నాయి. కొలవాల్సింది వాటినే. విరిగిన ముక్క చాలు. అది తెలియక మంచి కిటికీని కూడా పాడు చేసుకున్నాను.

శనివారం మధ్యాహ్నం షాపులో బాగా రద్దీ. "ఇక్కడ పెట్టి వెళ్ళండమ్మా, గోడౌన్‌లో చూసి మ్యాచ్ చేయిస్తా, సాయంత్రం రండి" అన్నారు యజమాని. సాయంత్రం వెళ్తే కొత్తదాన్ని నా హ్యాండిల్ పక్కన పెట్టి చూపించారు. ముందు వైపు చూస్తే రెండూ ఒకటే. స్క్రూ రంధ్రాలు కూడా కలిశాయి. నేను అడిగాను, ఈ మాట గట్టిగా చెప్తున్నాను, "వెనక కడ్డీ పొడవు కూడా ఒకటేనా అండీ?" అని అడిగాను. "అన్నీ స్టాండర్డే అమ్మా, ఏ కంపెనీదైనా ఇదే సైజు" అన్నారు. మిగతావి కూడా బిగుసుకుపోతున్నాయి కదా అని నాలుగు తీసుకున్నాను. ఒక్కోటి 420, మొత్తం 1680 రూపాయలు. బిల్లు అడిగితే ఎస్టిమేట్ అని రాసిన చీటీ ఇచ్చారు. అన్నీ పేపర్లో చుట్టి కవర్లో వేసి ఇచ్చారు. పాతది కూడా అందులోనే ఉందనుకున్నాను. ఇంటికొచ్చి విప్పితే కొత్తవి నాలుగే ఉన్నాయి.

సరేలే, హాలు కిటికీది రేపు తెచ్చి బిగించుకోవచ్చు అనుకున్నాను.

ఆదివారం పొద్దున మా వీధి ఫిట్టర్ కుర్రాడు వచ్చి నాలుగూ బిగించాడు. స్క్రూలు సరిగ్గా కూర్చున్నాయి. తిప్పితే టక్కుమని చప్పుడు, వెన్నలా తిరుగుతోంది. ఇన్నాళ్ళూ రెండు చేతులతో తిప్పుకున్న మామయ్యగారు ఒక్క చేత్తో తిప్పి చూసి ఎంత సంతోషించారో. ఆ రాత్రి గాలివాన వచ్చింది. ఆయన గది కిటికీ రెక్క దానంతట అదే తెరుచుకుంది. వాన జల్లు నేరుగా మంచం మీద పడింది. 78 ఏళ్ళ మనిషి చీకట్లో లేచి, తడిసిన టైల్స్ మీద జారి మోకాలు కొట్టుకున్నారు. దేవుడి దయ వల్ల ఎముకకు ఏం కాలేదు, వాపు మాత్రం ఉంది.

పొద్దున్నే ఫిట్టర్‌ని పిలిచాను. అతను కొత్తది ఊడదీసి, విరిగిన పాతదాని పక్కన పెట్టి టేపుతో కొలిచాడు. ప్లేటు అడుగు నుంచి కడ్డీ చివరి దాకా పాతది 35 మిల్లీమీటర్లు, కొత్తది 25. "అక్కా, ఇది గేరు దాకా వెళ్ళనే లేదు. హ్యాండిల్ తిరుగుద్ది, లోపల రాడ్డు కదలదు" అన్నాడు. ఆ టక్కుమనే చప్పుడు హ్యాండిల్ లోపల ఉండే స్ప్రింగుదట, లాక్ పడిన చప్పుడు కాదట. అంటే ఆ రాత్రి నాలుగు కిటికీలూ లాక్ పడ్డాయనుకుని, ఏ ఒక్కటీ లాక్ పడకుండానే పడుకున్నాం. గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతోంది. నిన్న బిగించాక రెక్క తెరిచి చూడాల్సింది నాదే తప్పక్కా అని ఆ అబ్బాయి ఒప్పుకున్నాడు. డబ్బులు కూడా తీసుకోలేదు. పొరపాటు ఎవరైనా చేస్తారు, ఒప్పుకుంటే కోపం ఉండదు.

ఇక ఈ రోజు సంగతి.

నాలుగు కొత్తవీ, విరిగిన పాతదీ, చీటీ తీసుకుని వెళ్ళాను. గొడవ పెట్టుకుందామని వెళ్ళలేదు. పొడుగు కడ్డీ ఉన్నవి మార్చి ఇవ్వండి, తేడా ఉంటే కడతాను అన్నాను. ఆయన చేతిలోకి తీసుకోను కూడా లేదు. "వాడినవి తీసుకోం. స్క్రూ గీతలు పడ్డాయి చూడండి" అన్నారు. ఒక్క రాత్రే కదండీ ఉన్నాయి అన్నాను. "కొలత మీరు చెప్పాలి కదమ్మా" అన్నారు. నేను అడిగానండీ, మీరే స్టాండర్డ్ అన్నారు అన్నాను. అప్పుడు ఆయన తల ఎత్తి, షాపులో ఉన్న ఆరేడుగురికీ వినపడేలా అన్న మాట ఇది: "ఇంట్లో మగవాళ్ళని పంపండమ్మా. ఆడవాళ్ళకి ఇవి చెప్పినా అర్థం కావు."

అర్థమైంది కాబట్టే కదా కడ్డీ పొడవు అడిగాను. షాపు యజమానికి తట్టని ప్రశ్న నేను అడిగాను. ఆ మాట అప్పుడు నోటికి రాలేదు. గొంతు పట్టేసింది.

సరే, నా పాత హ్యాండిల్ ఇచ్చేయండి, వెళ్ళిపోతాను అన్నాను. "ఏ పాతది?" అన్నారు. శనివారం మీ షాపు కుర్రాడి చేతికి ఇచ్చానండీ, మీరే పక్కన పెట్టి చూపించారు అన్నాను. "మాకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు, రోజుకి వంద మంది వస్తారు" అన్నారు. అదే సమయానికి ఇంకొకరికి చిల్లర ఇవ్వడానికి సొరుగు లాగారు. అందులో ఉంది. బోర్లా పడి ఉంది. వెనక నా చేతిరాత, 'హాలు'. అదిగో, అదే నాది అని వేలు పెట్టి చూపించాను. ఆయన సొరుగు నెట్టేసి, "అది వేరే కస్టమర్‌ది" అన్నారు.

నా కళ్ళలోకి చూస్తూ అన్నారు. దానికి ఎంత ఖరీదు ఉంటుంది? పాత హ్యాండిల్ అది. ఎందుకు ఉంచుకోవాలనిపించిందో నాకు అర్థం కావడం లేదు. పక్కన శనివారం నా చేతి నుంచి అది అందుకున్న కుర్రాడే నిలబడి ఉన్నాడు. తల దించుకున్నాడు. పాపం, అతని ఉద్యోగం అతనిది. షాపులో ఉన్నవాళ్ళు కూడా ఒక్కరూ నోరు విప్పలేదు. 1680 రూపాయలు పోయినందుకు నాకు ఇంత బాధ లేదు. నా చేతిరాత నాకు కనిపిస్తుండగా అబద్ధం చెప్పారు, అది మింగుడు పడటం లేదు.

ఆయన మీద 1915 కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, రేపు పొద్దున్నే ఫోన్ చేస్తున్నాను. బిల్లు ఇవ్వకపోవడమే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. నా దగ్గర ఎస్టిమేట్ చీటీ ఉంది, ఫోన్‌లో డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్ ఉంది. మీరు మాత్రం చీటీ తీసుకుని ఊరుకోకండి, బిల్లు రాయించుకోండి.

కొనేవాళ్ళకు నాకు ఇప్పుడు తెలిసినంత చెప్తాను. పాత హ్యాండిల్ ఊడదీయడానికి దాన్ని అడ్డంగా తిప్పి, ప్లేటు మీద మూత పక్కకు జరిపితే రెండు స్క్రూలు కనిపిస్తాయి. వాటి మధ్య దూరం ఎక్కువ వాటికి 43 మిల్లీమీటర్లు, కడ్డీ మందం 7 మిల్లీమీటర్లు ఉంటుంది. అందుకే ఏది తెచ్చినా పైకి సరిపోయినట్టే కనిపిస్తుంది. తేడా పొడవులోనే. పొడుగైతే రంపంతో కోయించుకోవచ్చు, పొట్టిదైతే ఏం చేయలేం. కొన్ని కిటికీలకు కడ్డీ బదులు రెండు పళ్ళ ఫోర్కు ఉంటుంది, అది వేరే రకం. మెడ వంపు ఉన్నవైతే కుడి, ఎడమ వేరు. లోపల దోమల మెష్ ఉంటే హ్యాండిల్ ఎత్తు కూడా చూసుకోండి, లేకపోతే మెష్ మూసుకోదు. ఇవన్నీ ఇంట్లోనే కొలిచి, ఫొటో తీసుకుని వెళ్ళండి. నమూనా తీసుకెళ్ళినా మీ చేతిలోనే ఉంచుకోండి.

బిగించాక రెక్క తెరిచి పట్టుకుని హ్యాండిల్ తిప్పి చూడండి. రెక్క అంచున లాక్ బొడిపెలు పైకీ కిందికీ జరగాలి. అసలు హ్యాండిల్ లేకుండా గేరు రంధ్రంలో ఉత్త కడ్డీ పెట్టి పట్టుకారుతో తిప్పినా బిగుతుగానే ఉంటే జబ్బు గేరులో ఉన్నట్టు. కొత్త హ్యాండిల్ వేసినా మళ్ళీ విరుగుతుంది. వరద నీళ్ళు చూసిన ఇళ్ళవాళ్ళు ముందు గేరు విప్పించి శుభ్రం చేయించండి.

మా మూడు కిటికీలకు ఫిట్టర్ పాతవే మళ్ళీ బిగించేలా ఉన్నాడు. మామయ్యగారి గది కిటికీ, హాలు కిటికీ మాత్రం ప్రస్తుతానికి నైలాన్ తాడుతో గ్రిల్‌కి కట్టి ఉన్నాయి. తెల్ల రంగు, 35 మిల్లీమీటర్ల కడ్డీ, 43 స్క్రూ దూరం. విజయవాడలో గానీ గుంటూరులో గానీ మర్యాదగా మాట్లాడి, బిల్లు ఇచ్చే షాపు ఎవరికైనా తెలిస్తే చెప్పండి. రెండు చాలు, రేపే వచ్చి తీసుకుంటాను.