ఒకేసారి లాగించాలా, వారం ఆగాలా?

అమెరికన్ సీరియల్ 'బ్రేకింగ్ బ్యాడ్' ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగండి, కథ చెప్పేస్తున్నాను.

ఐదో సీజన్ 13వ ఎపిసోడ్ ఎడారిలో తుపాకులు పేలుతుండగానే ఆగిపోతుంది. 2013లో అమెరికాలో టీవీలో చూసినవాళ్లు సెప్టెంబర్ 8 నుంచి 15 దాకా హ్యాంక్ (కథానాయకుడు వాల్టర్ తోడల్లుడు, మాదకద్రవ్యాల కేసులు చూసే అధికారి) బతుకుతాడో లేదో తెలియకుండా గడిపారు.

అమలాపురంలో మా బావ రాత్రి భోంచేసి కూర్చుని నాలుగు ఎపిసోడ్లు వరసగా లాగించేశాడు. హ్యాంక్ చనిపోయిన పది నిమిషాలకే ఆయన మనసు తర్వాతి గొడవలో పడిపోయింది. టెన్షన్ లేదు, కథ ముందే ఎవరో చెప్పేస్తారన్న భయమూ లేదు. ఆ సుఖం కాదనను.

నేను మాత్రం 13 దగ్గర వారం ఆగాను. కాలవ గట్టు మీద నడుస్తున్నా అదే ఆలోచన. "బావా, దండం పెడతాను, చెప్పకు" అని రోజూ బతిమాలుకున్నాను. 14 చూసిన రాత్రి, ఇసుకలో పక్కకి ఒరిగిపోయిన వాల్టర్ ముఖం, తెరుచుకున్న నోరు, బయటికి రాని ఏడుపు చూశాక ఇంకోటి పెట్టలేకపోయాను. టీవీ కట్టేసి అరుగు మీద కూర్చున్నాను. కొబ్బరాకుల గలగల తప్ప ఏ చప్పుడూ లేదు.

నెమ్మదిగా సాగే ఎపిసోడ్లయితే బావ పద్ధతే మేలు. ఇలాంటిదానికి మాత్రం ఆగి తీరాలి. మొన్న బావ ఆ 14 ఒక్కటీ మళ్లీ చూశాడు, ఈసారి దాని తర్వాత ఇంకేమీ పెట్టలేదు.